వేడెక్కని బోటు

సీతమ్మలంకలో కొబ్బరి మొవ్వులు తప్ప మరేమీ పైకి కనపడకుండా చేసిన పెద్ద వరద వెళ్ళిన మూడో ఏట జరిగింది ఇది. ఆ వరదలో లంకవాళ్ళు చూరు వాసాలు పట్టుకుని వేళ్ళాడారు. ఇకముందు ప్రజలకు అలా వేళ్ళాడే శ్రమ ఉండకూడదని నదీ రక్షణ మండలి వారు వెదుళ్ళరేవుకి ఒక కొత్త బోటు పంపించారు. హంసలాంటి తెల్ల బోటు. దానికి సరంగు మల్లాడి సహదేవుడు.

సహదేవుడు మూడో తరగతితో బడికి దండం పెట్టి, తలనెరిసే దాకా పాత లాంచీల చుక్కాని పట్టినవాడు. మాట తక్కువ. ఊఁ అంటే ఔనని, ఊహూఁ అంటే కాదని, ఏమీ అనకపోతే లోతుగా ఆలోచిస్తున్నాడని రేవులో అందరూ అనుకునేవారు. నిజానికి ఏమీ అననప్పుడు ఆయన ఏమీ ఆలోచించేవాడు కాదు. ఆ సంగతి ఆయనొక్కడికే తెలుసు. నోరు మూసుకున్నంత మాత్రాన ఇంత గౌరవం వస్తుంటే తెరవడం దేనికని మూసే ఉంచాడు. అందుకే ఆ కొత్త ఇంజను సంగతి తనకి బొత్తిగా తెలియదన్న మాట కూడా ఎవరితోనూ అనలేదు.

పాత లాంచీకి ఇంజను నడుమ ఉండేది. దీనికి వెనక మూల లోపల ఉంది. బయట మాత్రం గేదె తోకలాగా ఒక కాలు నీళ్ళలోకి వేళ్ళాడుతుంది, ఆ కాలి చివర పంకా. మీట నొక్కితే కాలు పైకి లేస్తుంది, మళ్ళీ నొక్కితే దిగుతుంది. ఆ కాలికి జల్లెడలాగా కంతలున్నాయి. లోపల రబ్బరు రెక్కల పంపు ఒకటి ఆ కంతల్లోంచి ఏటినీళ్ళు పీల్చి ఇంజను చుట్టూ తిప్పి, పొగతోపాటు మళ్ళీ ఏట్లోనే వదిలేస్తుంది. బోటు తెచ్చిన మేస్త్రీ ఇదంతా విడమరిచి చెబుతున్నప్పుడు కళాసి గంగులు నోరు తెరుచుకుని విన్నాడు. సహదేవుడు చేతులు వెనక్కి కట్టుకుని ఏటివంక చూస్తూ నిలబడ్డాడు. సరంగు అన్నవాడు అలాగే నిలబడాలని ఆయన ఉద్దేశం.

సహదేవుడి అక్క నూకాలమ్మ సీతమ్మలంకలో ఉంటుంది. తమ్ముడు కొత్త బోటుకి సరంగయ్యాడని తెలిసిన రోజున ఆవిడ లంకంతా తిరిగి చాటింపు వేసింది. లంకవాళ్ళకి చిల్లులు పడ్డ పాత నావ ఒకటుండేది. "మా తమ్ముడి బోటుండగా ఈ ముసలి నావ దేనికర్రా, తీసి పొయ్యిలో ఎట్టండి" అని దగ్గరుండి మరీ దాన్ని విరగ్గొట్టించింది. అప్పటినుంచి లంక మొత్తానికి వరదొస్తే దిక్కు ఆ తెల్ల బోటొక్కటే.

ప్రారంభోత్సవానికి మండలి ఉప సంచాలకులు దక్షిణామూర్తిగారు స్వయంగా వచ్చి బోటెక్కారు. నడి ఏట్లోకి వెళ్ళేసరికి బోటు కీచుమని అరిచింది. వేడి చూపించే ముల్లు ఎర్రగీత దాటింది, ఇంజను ఆగిపోయింది. ఉప సంచాలకులవారు మెడలో దండతో సహా ఏటివాలున కొట్టుకుపోయి ఒక ఇసుకతిప్పకి తగులుకున్నారు. గంగులు బోటు కాలు పైకెత్తించి, కంతలకి చుట్టుకున్న గుర్రపుడెక్క పీకి అవతల పారేశాడు. ఇంజను మళ్ళీ అందుకుంది.

"అంతేనండి, డెక్క అడ్డడిందండి," అన్నాడు గంగులు చేతులు దులుపుకుంటూ.

కానీ అప్పటికే ఒక ఉప సంచాలకులు భయపడి ఉన్నారు. అంత పెద్ద భయాన్ని గుప్పెడు డెక్కతో సరిపెట్టడం న్యాయం కాదు.

"ఇది డెక్క కాదయ్యా," అన్నారు దక్షిణామూర్తిగారు దండ సర్దుకుంటూ. "డెక్క కేవలం ఒక లక్షణం. మౌలికంగా ఇది ముడి నీటి శీతలీకరణ వ్యవస్థలో నెలకొన్న తాప సంక్షోభం. దీన్ని సమూలంగా, సమగ్రంగా, దశలవారీగా పరిష్కరించాల్సి ఉంది. ఏమంటావు సరంగూ?"

సహదేవుడు ఏమీ అనలేదు.

"చూశారా," అన్నారు ఆయన పక్కవాళ్ళతో. "అనుభవజ్ఞుడు. లోతుగా ఆలోచిస్తున్నాడు."

వారం తిరక్కుండా మండలి నుంచి ఉత్తర్వు వచ్చింది. అన్ని రేవుల్లోనూ శీతల నౌకా పక్షోత్సవం జరపాలి. ప్రతి బోటు వేడి ముల్లు ఎక్కడుందో రోజూ సాయంత్రం ఫోన్లో చెప్పాలి. ముల్లు ఎంత కిందికుంటే అంత ఘనత. అన్నిటికన్నా చల్లగా ఉన్న బోటు సరంగుకి సభలో శాలువా కప్పి 'శీతల సారథి' అనే బిరుదు ఇస్తారు.

సహదేవుడు పుట్టి బుద్ధెరిగాక దేనికీ ఆశపడినవాడు కాదు. అయినా బిరుదు మాట విన్న రాత్రి ఆయనకి నిద్ర పట్టలేదు. ఊళ్ళో వేదికలకి కుర్చీలు మోసిన జ్ఞాపకమే గాని కూర్చున్న జ్ఞాపకం లేదు. తన పేరు మైకులో ఎలా వినపడుతుందోనని చీకట్లో ఒకసారి మెల్లిగా అనుకుని చూశాడు. బాగానే ఉంది.

మొదట్లో అంతా సక్రమంగానే సాగింది. పొద్దున్నే ఏరు చల్లగా ఉన్నప్పుడే బోటు తీయడం మొదలెట్టారు. ఎండెక్కాక రేవులో ఎంతమంది నిలబడి ఉన్నా కట్టేసేవారు. తరువాత ఇంజను మీద తడి గోనెలు కప్పారు. ముల్లు వెంట్రుకవాసి కిందికి దిగింది. ఆ కబురు ఫోన్లో చెప్పగానే మండలి నుంచి శీతలీకరణ సలహాదారు పరంజ్యోతిగారు దిగారు. ఆయన అంతకుముందు చేపల ఐసు ఫ్యాక్టరీలకి సలహాలిచ్చినవాడు. బోటుని కూడా ఒక పెద్ద చేపలాగే చూశాడు.

"ఇప్పటిదాకా మీరు వేడి ఇంజన్ను నీటితో చల్లబరుస్తున్నారు," అన్నాడు కళ్ళజోడు తుడుచుకుంటూ. "కానీ ఆ నీటిని ఎవరు చల్లబరుస్తున్నారు? ఎవరూ లేరు. నది తన ఇష్టమొచ్చిన ఉష్ణోగ్రతలో ప్రవహిస్తోంది. ఒక ప్రభుత్వ యంత్రంలోకి నియంత్రణ లేని నీరు ప్రవేశించడం ఎంతవరకు సమంజసం?"

"పుట్టినకాడ్నుంచీ అలాగే పారతందండి," అన్నాడు గంగులు.

"అదే లోపం," అన్నాడు పరంజ్యోతి.

సహదేవుడు ఊఁ అన్నాడు. ఆ ఊఁ ఎందుకన్నాడో ఆయనకే తెలియదు. సలహాదారు తనవంక చూసి తల ఊపాడు, మర్యాదకి తనూ ఊపాడు. మర్నాటికల్లా బోటు వెనక బల్లలు పీకి, చెక్క తొట్టి ఒకటి బిగించి, నిండా ఐసు దిమ్మలు పేర్చారు. కాలు పీల్చిన నీళ్ళు ఆ ఐసులో ముప్పై వంకరలు తిరిగి, వణుకుతూ ఇంజనుకి చేరే ఏర్పాటు చేశారు. ముల్లు ఇంకాస్త దిగింది. సహదేవుడు దాన్ని ఉదయం సాయంత్రం దర్శించుకోసాగాడు.

ఐసు బరువుకి బోటు అంచు నీళ్ళకి ఆనింది. అందుకని మనుషుల్ని తగ్గించాల్సొచ్చింది. పైగా పరంజ్యోతి తన సాధనాలతో కొలిచి, బోటెక్కిన ప్రతి మనిషీ తన ఒంటి వేడితో ముల్లుకు అపకారం చేస్తున్నాడని తేల్చాడు. జ్వరంతో ఆసుపత్రికి పోవాల్సిన లంకవాడొకడు లంక రేవులో చేతులెత్తి పిలిస్తే, గంగులు బోటులోంచే అరిచాడు.

"జొరం తగ్గాక రావయ్యా! ఏడిమనుసుల్ని ఎక్కించుకోకూడదంట!"

"తగ్గితే ఆసుపత్రికెందుకొత్తానెహె!" అన్నాడు వాడు.

అది న్యాయమైన మాటేనని సహదేవుడికి అనిపించింది. ఐసు కరిగిపోతుందన్న దిగులులో ఆ అనిపించడం కూడా కరిగిపోయింది.

పక్షోత్సవం బాగా జరుగుతోందని మాసోత్సవం చేశారు. మాసోత్సవంలో పిడుగులాంటి వార్త ఒకటి వచ్చింది. దిగువ రేవు బోటులో ముల్లు అట్టడుగున ఉందట. కదలను కూడా కదలడం లేదట. సహదేవుడికి అన్నం సయించలేదు. గంగులుని పంపించి కూపీ తీయించాడు. వాడు నవ్వు ఆపుకుంటూ తిరిగొచ్చాడు.

"బాబాయ్, ఆళ్ళ కిటుకు తెలిసిపోయింది. ఆళ్ళసలు ఇంజనే ఆడించట్లేదు."

సహదేవుడు చాలాసేపు ఏటివంక చూశాడు. ఈసారి నిజంగానే ఆలోచించాడు. ఎంత వెతికినా అందులో తప్పేమీ కనపడలేదు. చల్లగా ఉండమన్నారు, తిరగమని ఎక్కడా అనలేదు. ఆ సాయంత్రం నుంచి వెదుళ్ళరేవు బోటు కూడా కట్టుగొయ్యకే ఉండిపోయింది.

ఇక రెండు బోట్లూ సమానమయ్యాయి. సమానమైతే శాలువా చెరిసగం చేయాలి. అది కుదరదు కనుక పోటీ ఇంకా చల్లని మార్గం పట్టింది. సహదేవుడు బోటు మీద తాటాకు పందిరి వేయించాడు. ఇంజను గదికి వట్టివేళ్ళ తడికలు కట్టించి రోజుకి నాలుగుసార్లు నీళ్ళు చల్లించాడు. ఏటినీరు వేసవికి కాగి ఉంది కనుక కాలు నీళ్ళలో ఉంటే అందులోంచి వేడి ఎగబాకుతుందేమోనని పరంజ్యోతి అనుమానం వెలిబుచ్చాడు. సహదేవుడు మీట నొక్కి కాలు పైకెత్తేశాడు. పంపులో మిగిలిన తడి కూడా ఆరిపోయింది. ముల్లు అడుగున పడుకుని నిద్రపోయింది.

దక్షిణామూర్తిగారు వచ్చి చూసి కళ్ళు చెమ్మగిల్లి నిలబడిపోయారు.

"ముడి నీటి శీతలీకరణను మెరుగుపరచమని మనం ఆదేశించాం," అన్నారు గద్గదంగా. "ఈ సరంగు దాన్ని ఏ స్థాయికి తీసుకువెళ్ళాడు! నీరు కూడా అక్కర్లేని నీటి శీతలీకరణ. శూన్య తాప స్థితి. వారాంతంలోనే సభ. నాలుగు గంటలకు అందరి సమక్షంలో ముల్లు చదివి, బిరుదు ప్రదానం చేద్దాం."

గంగులు ఆ సాయంత్రం పందిరి కింద బీడీ ముట్టించుకుని నెమ్మదిగా అన్నాడు. "బాబాయ్, వరదకి ఎర్రనీళ్ళు దిగే రోజులు. ఓసారి ఇంజను ఆడించి సూద్దామా? లంకోళ్ళకి మనం తప్ప ఎవరున్నారు?"

"సభయ్యాక," అన్నాడు సహదేవుడు.

ఆయన నోటి వెంట రెండు మాటలు కలిసి రావడమే అరుదు. గంగులు బీడీ ఆర్పి, ఆ వేడి కూడా ముల్లుకి తగలకుండా దూరంగా విసిరేశాడు.

సభ రోజు పొద్దుటికే ఏరు ఎర్రబడింది. ఎగువన ఎక్కడో కుండపోతగా కురిసిందన్నారు. మధ్యాహ్నానికి రేవు మెట్లు ఒకటొకటిగా మునిగాయి. ఏటిగట్టు మీద షామియానా, కుర్చీలు, సన్నాయి మేళం. షామియానాని నాలుగు గుంజలూ పట్టుకుని గాలి లాగుతోంది. సహదేవుడు ఉతికిన పంచె కట్టుకుని వేదిక మీద కుర్చీ అంచున కూర్చున్నాడు. వెనక్కి ఆనుకుంటే బావుండదేమోనని అనుమానం. దక్షిణామూర్తిగారి ఉపన్యాసం ఆదిమ మానవుడు నిప్పు కనిపెట్టిన దగ్గర మొదలై అప్పుడే ఆవిరియంత్రం దాకా వచ్చింది.

గంగులు జేబులో ఫోను మోగింది. వాడు వేదిక పక్కకొచ్చి గొంతు తగ్గించి మాట్లాడసాగాడు. అవతల నూకాలమ్మ. ఆవిడ గొంతుకి ఫోను అక్కర్లేదు, సహదేవుడికి ప్రతి ముక్కా వినపడుతోంది.

"ఒరే గంగులూ, నా తమ్ముడేడ్రా?"

"ఇక్కడే ఉన్నాడత్తా."

"ఏం సేత్తన్నాడు?"

"సన్మానం సేయించుకుంటన్నాడత్తా."

"దేనికంట?"

"బోటుని సల్లగా ఉంచినందుకు."

"నా మంచం కోళ్ళు కూడా సల్లగానే ఉన్నాయని సెప్పు! వాకిట్లో మోకాటిలోతు నీళ్ళురా. పిల్లలంతా గడ్డివాము ఎక్కి కూకున్నారు. బోటెప్పుడొత్తాది?"

గంగులు సహదేవుడి వంక చూశాడు. సహదేవుడు దక్షిణామూర్తిగారి వంక చూశాడు. ఆయన మైకుకి చెయ్యి అడ్డం పెట్టి వంగారు.

"విన్నానయ్యా. ప్రాణాలు ముఖ్యమే, ఎవరు కాదన్నారు? కానీ ప్రాణాల విషయంలో మండలి మనకు వేళ నిర్దేశించలేదు. ముల్లు విషయంలో నిర్దేశించింది. నాలుగింటికి చదవగానే నువ్వు స్వేచ్ఛగా ఎంతమందినైనా రక్షించుకో. ఇంకెంత, కాసేపు."

ఊహూఁ అనడానికి ఒక్క క్షణం చాలు. నోరు తెరవనక్కర్లేదు కూడా. పుట్టిన దగ్గర్నుంచీ సహదేవుడు అన్నిటికీ అలవోకగా వాడుకున్న మాట అది. ఆ వేళ మాత్రం గొంతులోంచి రాలేదు. కాసేపే కదా అనుకున్నాడు. లంక పక్కనే కదా అనుకున్నాడు. శాలువా గోధుమరంగుదని, అంచున జరీ ఉందని కూడా అనుకున్నాడు. కుర్చీలోనే ఉన్నాడు. చివరికి వెనక్కి ఆనుకున్నాడు కూడా.

నాలుగింటికి పరంజ్యోతి బోటులోకి దిగి ముల్లు చదివాడు. అడుగున ఉంది. చప్పట్లు. శాలువా పడింది. మైకులో "శీతల సారథి మల్లాడి సహదేవుడు" అని వినపడింది. చీకట్లో తను అనుకున్నప్పుడు ఉన్నంత బాగా లేదు.

అప్పుడు పరుగెత్తాడు. శాలువా తీసేంత తీరిక కూడా లేక అలాగే బోటులోకి దూకాడు. గంగులు పందిరి తాళ్ళు కోసేశాడు. మీట నొక్కితే కాలు మూలుగుతూ దిగింది. ఇంజను మూడుసార్లు దగ్గి అందుకుంది. ఒడ్డున మేళం వాళ్ళు సంబరంగా వాయించారు.

చుక్క నీరు తగలక ఎండి ఎండి పంపులో రబ్బరు రెక్కలు అప్పడాలయిపోయి ఉన్నాయి. పంపు తిరగ్గానే పటపటా విరిగిపోయాయి. చుట్టూ ఊళ్ళు ముంచేటన్ని నీళ్ళున్నాయి గాని ఇంజనుకి గుక్కెడు అందలేదు. వారాల తరబడి నిద్రపోయిన ముల్లు లేచి, ఒళ్ళు విరుచుకుని, ఒక్క పరుగున ఎర్రగీత దాటింది. బోటు కీచుమంది.

"బాబాయ్," అన్నాడు గంగులు పొగలోంచి, "ఇన్నాళ్ళూ సూపించనిది మొత్తం ఇయ్యాలే సూపిత్తంది."

"ఐసు!" అన్నాడు సహదేవుడు.

"ఐసు ఎక్కడిది, సభలో షర్బత్‌కి పట్టుకుపోయారు."

ఇంజను ఆగిపోయింది. తెల్ల బోటు పక్కకి తిరిగి, వరదలో కొట్టుకొచ్చే దుంగలతో కలిసి ఏటివాలున బయల్దేరింది. ఒడ్డున షామియానా చిన్నదైపోయింది. సహదేవుడు చుక్కాని పట్టుకునే ఉన్నాడు. పట్టుకుని ఉపయోగం లేదు, వదిలేస్తే చేతులు ఏం చేయాలో తెలియలేదు. లంక మీద గడ్డివాము, దాని మీద పిల్లలు కనపడతారేమోనని చూశాడు. గడ్డివాము కనపడింది. మీద ఎవరూ లేరు.

"ఒరేయ్! ఎక్కడికిరా, సముద్రానికా?"

నూకాలమ్మ గొంతు. సహదేవుడు తిరిగి చూశాడు. ఎగువనుంచి తెప్పలొస్తున్నాయి. అరటిబోదెలు నరికి, వెదురు పుల్లలు గుచ్చి, కొబ్బరితాళ్ళతో బిగించిన తెప్పలు. వాటిమీద పిల్లలు, మేకలు, బియ్యం మూటలు, ఆ జ్వరం మనిషి. బోటు కోసం చూసి చూసి విసిగిపోయిన లంకవాళ్ళు ఇళ్ళ పక్కనున్న అరటితోటల్ని నరికేశారు. ముందు తెప్ప మీద కోకచెంగు నడుముకి దోపి గెడ పట్టుకుని నిలబడింది డెబ్భై ఏళ్ళ నూకాలమ్మ.

"అక్కా," అన్నాడు సహదేవుడు. మిగతాది రాలేదు.

"ఊఁ, తెలుత్తానే ఉంది. తాడిసురు."

గంగులు తాడు విసిరాడు. తెప్పలు బోటుకి అటూ ఇటూ ఆనుకున్నాయి. చిన్నపిల్లల్ని బోటులోకి ఎక్కించారు, ఖాళీ ఐసు తొట్టిలో మేకపిల్లల్ని పడేశారు. ఆరుగురు మగాళ్ళు, నూకాలమ్మ కలిసి గెడలు వేస్తూ బోటుని అడ్డంగా లాక్కుపోయి, చీకటి పడేలోగా దిగువ గట్టుకి చేర్చారు. నూకాలమ్మ గేదె పలుపు తెంపుకుని ముందే ఈదుకొచ్చి, గట్టు మీద గడ్డి మేస్తూ వీళ్ళని చూసింది.

"ఆ శాలువా తడిసిపోయిందిరా," అంది నూకాలమ్మ గట్టెక్కుతూ. "పిండుకో."

దక్షిణామూర్తిగారు జీపులో వచ్చేసరికి తలలు లెక్కపెట్టడం అయిపోయింది. ఎవరూ పోలేదు. ఆయన బోటునీ, తెప్పల్నీ, ఆగిపోయిన ఇంజన్నీ కాసేపు పరిశీలించారు. ముఖం వికసించింది.

"ఇంజన్ ప్రమేయం లేకుండా సంపూర్ణ రక్షణ!" అన్నారు పరంజ్యోతితో. "ఇది రెండో దశ. వచ్చే ఏడాది నుంచి అన్ని రేవుల్లోనూ ఇదే నమూనా. ముల్లు చివర్లో కొంత అత్యుత్సాహం చూపింది, దాన్ని తొలగిద్దాం. ఏమంటావు, సారథీ?"

సహదేవుడు ఏమీ అనలేదు. లోతుగా ఆలోచిస్తున్నాడని ఉప సంచాలకులవారు ముచ్చటపడి వెళ్ళిపోయారు.

లంకవాళ్ళు గట్టు మీద గోనెలు పరుచుకుని పొయ్యిలు పెట్టుకున్నారు. నూకాలమ్మ గంజి కాచి మొదటి చిప్ప తమ్ముడికే ఇచ్చింది. ఆయన దాన్ని పట్టుకుని కూర్చున్నాడు. తాగలేదు.

"నేను కుర్చీలో కూకున్నానక్కా," అన్నాడు. "నువ్వు ఫోను సేసినప్పుడు. నాకినపడింది."

నూకాలమ్మ పొయ్యిలోకి పుల్ల ఎగదోసింది.

"ఉన్న నావ ఇరగ్గొట్టించింది నేనే గదరా," అంది. "నీది మాటాడని పొగరు. నాది మాటాడే పొగరు. ఒక కడుపునే పుట్టాం. గంజి సల్లారిపోతంది, తాగు."

"సల్లారనీ," అనబోయి, ఆ మాట అనడానికి సిగ్గేసి, నోరు కాలుతున్నా వేడివేడిగా తాగేశాడు.

మర్నాడు పొద్దున్న ఏరు ఇంకా గట్టు అంచునే పారుతోంది. సహదేవుడు కత్తి పట్టుకుని గట్టు వెనక అరటితోటకి వెళ్ళాడు. తోట ఆసామిని అడగడానికి నోరు తెరిచాడు. ఎందుకో, ఎన్నో, ఏమిటో పూర్తి వాక్యాలుగా చెప్పాడు. ఆ ఆసామి నివ్వెరపోయి, గెలలు కోసేసిన చెట్లు నాలుగు చూపించాడు. వాటిని నరికి, బోదెలు భుజాన మోసుకొచ్చి, నూకాలమ్మ ముందు పడేశాడు. ఆవిడ తిడుతూ ఉంటే పుల్లలు గుచ్చాడు. రెండుసార్లు వంకరగా గుచ్చితే రెండుసార్లూ పీకించింది. తెప్ప తయారయ్యాక దాన్ని తెల్ల బోటు పక్కన కట్టుగొయ్యకి కట్టాడు. గంగులు గట్టు పైనుంచి చూస్తున్నాడు.

సహదేవుడు వంగి బోదె మీద అరచెయ్యి ఆనించి చూశాడు. చల్లగా ఉంది. ఆ సంగతి మండలికి ఫోన్లో చెప్పమనలేదు. గెడ తీసుకుని, తెప్ప తన బరువు ఆపుతుందో లేదో చూడ్డానికి మీద కాలు పెట్టాడు.